శిల్పం కంటే ముందు నేల: చెన్నైలో ఆరుబయట శిల్పానికి దారులు

చెన్నైలో ఐలాండ్ మైదానం పక్కన గుర్రమెక్కి కూర్చున్న మద్రాసు గవర్నరు థామస్ మన్రో కంచు విగ్రహం 1839 నుంచి ఎండకూ సముద్రపు గాలికీ ఓర్చుకుని నిలబడి ఉంది. పోత పోసింది లండన్ శిల్పి ఫ్రాన్సిస్ చాంట్రీ. రాయలసీమలో మన్రోలయ్య అని పిల్లలకు పేర్లు పెట్టుకున్న మనవాళ్లకు ఆ దొర కొత్తవాడేమీ కాదు. అక్కడికి దగ్గర్లోనే, మెరీనా మొదట్లో, బండరాయిని కదిలిస్తున్న నలుగురు కూలీల శిల్పం ఉంది. మద్రాసు చిత్రకళాశాలకు చాలాకాలం ప్రిన్సిపాల్‌గా ఉన్న దేవీప్రసాద్ రాయ్ చౌధురి చేసిన ఆ పని 1959లో అక్కడికి చేరింది. విశాఖ నుంచో కడప నుంచో హైదరాబాద్ నుంచో శిల్పం చదువుకుని చెన్నై వచ్చిన కుర్రాళ్లు ఈ రెంటి ముందూ ఆగుతారు. అలాంటి చోట తమ పని ఎప్పుడు నిలబడుతుందా అనుకుంటారు.

ఆ ఆలోచనతో చాలామంది ముందుగా చేసేది బొమ్మ. మంచి మట్టి నమూనా తయారు చేసి, ఫొటోలు తీసి, ఆఫీసుల చుట్టూ తిరుగుతారు. జవాబు రాదు. బొమ్మ బాగాలేక కాదు. గ్యాలరీలో బొమ్మ నచ్చితే చోటు దొరుకుతుంది, ఆరుబయట ఆ వరస తలకిందులు. చోటు ఎవరిదో ముందు తేలాలి. అనుమతి ఎవరివ్వాలి, డబ్బు ఏ ఖాతాలోంచి రావాలి, రేపు తుప్పు పడితే ఎవరు తుడవాలి, బొమ్మ మీద హక్కు ఎవరిది అన్న ప్రశ్నలన్నిటికీ సమాధానం ఆ నేల యజమాని దగ్గరే ఉంటుంది.

రోడ్డు మీద ఎందుకు కుదరదు

2013 జనవరి 18న సుప్రీంకోర్టు ఒక మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. కేరళలో రోడ్డు మధ్య తిన్నె మీద పెట్టబోయిన ఒక నాయకుడి విగ్రహం గురించిన గొడవ అది. రోడ్లు, ఫుట్‌పాత్‌లు, ప్రజా వినియోగ స్థలాల్లో విగ్రహం గానీ ఏ కట్టడం గానీ పెట్టడానికి ప్రభుత్వాలు అనుమతి ఇవ్వకూడదని చెప్పి, అన్ని రాష్ట్రాలకూ వర్తింపజేసింది. 'నాది నాయకుడి విగ్రహం కాదు, అమూర్త శిల్పం' అని వాదించినా పని జరగదు. ఉత్తర్వులో విగ్రహంతో పాటు కట్టడం అన్న మాట కూడా ఉంది.

అదే ఉత్తర్వులో ఒక మినహాయింపూ ఉంది. వీధి దీపాలకు, ట్రాఫిక్ అవసరాలకు, వీధుల అభివృద్ధికి, సుందరీకరణకు ఇది వర్తించదు. కూడళ్లలో ఫౌంటెన్లు, లోహపు పూలు, చేపలు, నెమళ్లు ఎందుకు కనిపిస్తాయో, వాటి పక్కన శిల్పి పేరు ఎందుకు కనిపించదో ఇక్కడే అర్థమవుతుంది. అవి ఫైళ్లలో కళాఖండాలు కావు, సుందరీకరణ పనులు. పచ్చిక, రాతి పలకలు, దీపాలు, కంచెతో కలిపి ఒకే టెండరుగా వెళతాయి. తమిళనాడులో ప్రభుత్వ కొనుగోళ్లకు 1998 నాటి టెండర్ల పారదర్శకత చట్టం వర్తిస్తుంది. టెండరు వేయాలంటే టర్నోవరు, పాత పనుల ధ్రువపత్రాలు, ధరావతు కావాలి. ఒంటరి శిల్పి దగ్గర అవి ఉండవు. కాబట్టి పని ల్యాండ్‌స్కేప్ కాంట్రాక్టరుకు వెళుతుంది, శిల్పి అతని కింద సబ్ కాంట్రాక్టరు అవుతాడు.

ఇందులో చిన్నతనమేమీ లేదు. అయితే కాంట్రాక్టరు అడిగేది చదరపు అడుగుకో కిలోకో రేటు. కిలో లెక్కన స్టెయిన్‌లెస్ స్టీలు శిల్పం ఒప్పుకుంటే రూపకల్పన ఉచితంగా ఇచ్చినట్టే. డిజైన్ రుసుము ఒక లైను, తయారీ ఒక లైను, బిగింపు ఒక లైనుగా కొటేషన్ విడగొట్టి ఇవ్వాలి. కాంట్రాక్టరు బేరమాడితే తయారీలో తగ్గించుకోవచ్చు, మొదటి లైను మాత్రం ముట్టుకోకూడదు. అసలు మేలైన దారి ఇంకా ముందే ఉంది: టెండరు రాకముందే ఆ పార్కుకో కూడలికో డిజైన్ గీసే ఆర్కిటెక్టును పట్టుకోవడం. పనుల పట్టికలో శిల్పానికి విడిగా ఒక మొత్తం రాయించగలిగేది ఆయనే. పట్టిక అచ్చయ్యాక ఎవరూ చేయగలిగేది లేదు.

పార్కులు, సముద్రతీరం, మామల్లపురం

పార్కులు, బీచ్‌ల విషయంలో మొదటి తలుపు గ్రేటర్ చెన్నై కార్పొరేషన్. మెరీనా వెంట 1968 ప్రపంచ తమిళ మహాసభల సందర్భంగా వరసగా విగ్రహాలు వెలిశాయి. ఆ తర్వాతి కాలంలో తీరానికి సీఆర్‌జెడ్ (తీరప్రాంత నియంత్రణ మండల) నిబంధనలు వచ్చాయి. సముద్రపు పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా ఏ శాశ్వత కట్టడమైనా తీరప్రాంత అనుమతి చూసుకోవాల్సిందే. ఈస్ట్ కోస్ట్ రోడ్డు వెంట రిసార్టు వాళ్లు 'మా సొంత స్థలమే కదా' అంటారు. స్థలం వాళ్లదే, కానీ కాంక్రీటు పునాది వేయడానికి ముందు ఆ గీత ఎక్కడుందో మ్యాపులో చూపించమని అడగండి.

మామల్లపురంలో (మహాబలిపురం) చిక్కు వేరు. రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆ తర్వాతి 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. ఊరి నిండా స్మారకాలే కాబట్టి ఈ వలయాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. ఉలి పని అక్కడ చేయించి, ప్రతిష్ఠ మరోచోట పెట్టుకోవడమే తేలిక. 1957లో మొదలైన శిల్పకళాశాల అక్కడే ఉంది. కన్యాకుమారి వళ్లువర్ విగ్రహానికి స్థపతి అయిన వి. గణపతి స్థపతి చాలాకాలం నడిపిన కళాశాల అది. మామల్లపురం రాతి శిల్పానికి 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మన ఆళ్లగడ్డ, దుర్గి రాతి పనివాళ్లకు ఆ వాతావరణం పరిచితంగానే అనిపిస్తుంది.

తాత్కాలిక ప్రదర్శన సంగతి ఇంత కష్టం కాదు. పది రోజుల పాటు పార్కులో పెట్టి తీసేసే శిల్పాలకు పునాది ఉండదు. అది కార్యక్రమ అనుమతి కిందికి వస్తుంది. కార్పొరేషన్, స్థానిక పోలీసు స్టేషన్, కరెంటు వాడితే విద్యుత్ శాఖ. వీటితో పాటు ఎవరి మీదైనా పడితే పరిహారం చెల్లించే పబ్లిక్ లయబిలిటీ బీమా తీసుకోవాలి. 2022 చెస్ ఒలింపియాడ్ సమయంలో నగరమంతా నిలబెట్టిన, ఆ పోటీల చిహ్నమైన తంబి గుర్రం బొమ్మల్ని తలచుకోండి. ఒక ఉత్సవం పేరు ఉంటే నగరం ఎంత త్వరగా చోటిస్తుందో తెలుస్తుంది. జనవరి నుంచి మార్చి వరకు మంచి కాలం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం, తుపాన్లు. మే నెల ఎండకు ముదురు రంగు లోహం మీద పిల్లలు చేయి పెడితే కాలుతుంది.

కళకే వదిలిన నేల

కొత్త శిల్పి మొదట వెళ్లాల్సింది ఇక్కడికి. ఇంజంబాక్కంలో 1966లో కె.సి.ఎస్. పణిక్కర్, ఆయన శిష్యులు తమ చేతిపనులు అమ్ముకున్న డబ్బుతో నేల కొని కట్టుకున్న చోళమండలం కళాకారుల గ్రామం ఇప్పటికీ నడుస్తోంది. చెట్ల కింద శిల్పాలున్నాయి, అద్దెకు గ్యాలరీలున్నాయి. ముట్టుకాడు దగ్గర 1996లో తెరిచిన దక్షిణచిత్రలో గ్యాలరీలు, విశాలమైన ఆవరణ ఉన్నాయి. గ్రీమ్స్ రోడ్డులోని లలిత కళా అకాడమీ ప్రాంతీయ కేంద్రంలో శిల్పాలకు వర్క్‌షాపు ఉంది. సొంత షెడ్డు లేనివాళ్లకు ఇది పెద్ద ఆసరా. అద్దె ఇంటి మేడ మీద గ్రైండర్ తిప్పితే పక్కింటివాళ్లు వారం కూడా ఊరుకోరు.

ఇలాంటి చోట్ల డబ్బు పెద్దగా రాదు. వచ్చేది అనుభవం, దానికి రుజువు. ఆరుబయట ఒక ఏడాది నిలిచిన శిల్పం ఫొటోలు, మొదటి రోజువీ వానాకాలం తర్వాతివీ పక్కపక్కన పెట్టి చూపిస్తే, తర్వాత పని ఇచ్చే బిల్డరు అడిగే మొదటి ప్రశ్నకు జవాబు దొరికినట్టే. కాబట్టి అరువుగా ఇచ్చినా సరే, ఒక శిల్పాన్ని ఆరుబయట ఉంచండి. ఎంతకాలం, బీమా ఎవరిది, తిరిగి తెచ్చే రవాణా ఖర్చు ఎవరిది అన్నవి మాత్రం ఒక పేజీ ఒప్పందంలో రాసుకోండి.

నమూనా దశలో చేతి ఖర్చుకు కేంద్ర సాంస్కృతిక శాఖ ఫెలోషిప్‌లు ఉన్నాయి. 25 నుంచి 40 ఏళ్ల వారికి జూనియర్, నెలకు 10,000 రూపాయలు. 40 దాటినవారికి సీనియర్, నెలకు 20,000. రెండేళ్ల పాటు ఇస్తారు. పెద్ద శిల్పం దీంతో కాదు, కానీ నాలుగైదు చిన్న నమూనాలు, ఒక ఇంజనీరు రుసుము అందులో వెళ్లిపోతాయి.

ప్రైవేటు ఆవరణలు

చెన్నైలో పెద్ద శిల్పాలకు నిజంగా డబ్బున్న చోటు ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) వెంట ఐటీ పార్కులు, ఆసుపత్రులు, కొత్త అపార్టుమెంట్లు. జనం నడిచే స్థలమే అయినా నేల ప్రైవేటుది, కాబట్టి 2013 ఉత్తర్వు ఆవరణ లోపలికి రాదు. భవనం పునాది దశలో ఉన్నప్పుడే ఆర్కిటెక్టును కలిస్తే శిల్పం కింద రావాల్సిన బీము, కరెంటు పైపు, నీటి కాలువ అప్పుడే వేయించుకోవచ్చు. నేలకింద పార్కింగ్ ఉన్న ఆవరణల్లో ఇది మరీ ముఖ్యం. పైన పచ్చిక కనిపిస్తుంది, కింద ఉన్నది శ్లాబు. ఐదు టన్నుల రాయిని దాని మీద ఎక్కడపడితే అక్కడ పెట్టలేరు.

సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) డబ్బు గురించి అందరూ ఆశగా అడుగుతారు. కంపెనీల చట్టం ఏడో షెడ్యూలులో కళలు, సంస్కృతి, వారసత్వ పరిరక్షణ ఉన్న మాట నిజమే. కానీ ఆ డబ్బును కంపెనీ తానే ఖర్చు చేయాలి, లేదా సీఎస్‌ఆర్-1 ఫారంతో ప్రభుత్వం దగ్గర నమోదు ఉన్న ట్రస్టు, సొసైటీ వంటి సంస్థ ద్వారా చేయాలి. విడి శిల్పి పేరున ప్రాజెక్టు ఇవ్వడం కుదరదు. పైగా తమ ఆఫీసు గేటు ముందు అలంకారం సీఎస్‌ఆర్ కాదు. ఒక ప్రభుత్వ బడి ఆవరణలో శిల్పం, దానితో పాటు పిల్లలకు మట్టిపని శిక్షణ అన్న రూపంలో, నమోదు ఉన్న ట్రస్టుతో కలిసి వెళితే వింటారు.

ఉప్పు, గాలి, బరువు

చెన్నై ఆరుబయట శిల్పానికి మొదటి శత్రువు ఉప్పు. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు సముద్రానికి దగ్గర్లో కొద్ది నెలల్లోనే టీ మరకల్లాంటి గోధుమ రంగు తేలుతుంది. 316 రకమే వాడాలి. 316 కొన్నాక కూడా మరకలు వచ్చాయంటే తప్పు సాధారణంగా షెడ్డులో జరుగుతుంది: మైల్డ్ స్టీలు (మామూలు ఉక్కు) కోసిన గ్రైండింగ్ చక్రంతోనే దీన్నీ రుద్దితే ఇనుప రజను ఉపరితలంలో దిగబడి అక్కడే తుప్పు మొదలవుతుంది. చక్రాలు, బ్రష్‌లు వేరుగా పెట్టుకోవాలి. వెల్డింగ్ అయ్యాక ఆ నల్లటి చారల్ని పికిలింగ్ పేస్టుతో (ఆమ్లం కలిపిన ముద్ద) తీసేసి, మంచినీళ్లతో బాగా కడగాలి. 2 మి.మీ. రేకు చదరపు మీటరుకు 16 కిలోలు తూగుతుంది. కొలతలు వేసుకోవడానికి ఈ అంకె గుర్తుంటే చాలు.

కోర్టెన్ స్టీలు ఎర్రమట్టి రంగు చూసి ముచ్చటపడి చాలామంది అడుగుతున్నారు. తడిసి ఆరుతూ ఉంటే దాని తుప్పు ఒక గట్టి పొరగా నిలవాలి. ఉప్పుగాలిలో ఆ పొర కుదురుకోదు, రాలుతూనే ఉంటుంది, కింద బండల మీద ఎర్ర చారలు దిగుతాయి. తీరానికి దగ్గర్లో దాన్ని వద్దనే చెప్పాలి. ఫైబర్ చవక, తేలిక. ఎండకు పైపూత సున్నంలా పొడిబారుతుంది, అది మళ్లీ పూయవచ్చు. లోపల మైల్డ్ స్టీలు కడ్డీలు పెడితే మాత్రం నీరు చేరి అవి ఉబ్బి, బొమ్మను లోపలి నుంచి చీలుస్తాయి. కడ్డీలకు గాల్వనైజింగ్ (జింకు పూత) చేయించాలి, లేదా స్టెయిన్‌లెస్ వాడాలి.

రాళ్లలో నల్లరాయి, గ్రానైట్ ఉప్పును తట్టుకుంటాయి. సున్నపురాయి తట్టుకోదు. ఎగ్మూరు మ్యూజియంలో ఉన్న మన అమరావతి శిల్పాలు పల్నాటి సున్నపురాయివే. ఒకప్పుడు వాటిని గోడల్లో సిమెంటుతో బిగించడం వల్ల తేమ, ఉప్పు చేరి దెబ్బతిన్నాయి. కప్పు కింద ఉన్నవాటికే అలా జరిగితే ఆరుబయట ఏం నిలుస్తుంది?

కంచు విషయంలో మన్రో విగ్రహమే సాక్ష్యం. కానీ స్వామిమలైలో మైనపు అచ్చుతో పోసే దేవతామూర్తులు ఎక్కువగా ఘనపోత, అంటే లోపల బోలు ఉండదు. అదే పద్ధతిలో నిలువెత్తు మనిషిని పోస్తే 600 కిలోలు దాటుతుంది, చల్లారేటప్పుడు మందం ఉన్నచోట కుంచించుకుని పగులుతుంది. బోలుగా, 5 మి.మీ. గోడతో పోస్తే లోహం 90 కిలోల దగ్గర ఆగుతుంది. అతుకులు, లోపలి చట్రం కలిపి 150 అనుకోవచ్చు. కంచు చల్లారాక ఒకటిన్నర నుంచి రెండు శాతం తగ్గుతుంది కాబట్టి మైనపు రూపం అంత పెద్దది చేయాలి. బోలు రూపాల అడుగున 8 నుంచి 10 మి.మీ. రంధ్రాలు వదలండి. లేకపోతే నీరు నిలుస్తుంది, దోమలు పెరుగుతాయి, డెంగీ తనిఖీకి వచ్చిన కార్పొరేషన్ సిబ్బంది మొదట వేలు చూపేది మీ శిల్పానికే.

ఇక గాలి. కట్టడాల మీద పడే భారాలకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం చెన్నై ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, బెంగళూరుది 33. ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కాబట్టి అదే శిల్పం మీద చెన్నై గాలి బెంగళూరు కంటే రెట్టింపుకు పైగా తోస్తుంది. బెంగళూరులో చేసిన డ్రాయింగును యథాతథంగా ఇక్కడికి తెచ్చేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. చిన్న లెక్క చూడండి. 2 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఉన్న మూసిన రేకు శిల్పం అంటే 6 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 150 కిలోల చొప్పున, పలక ఆకారానికి 1.2 గుణకం వేస్తే దాదాపు 1.1 టన్నుల తోపు. దాన్ని ఆపడానికి 1.8 మీటర్ల చదరం, 0.6 మీటర్ల లోతు కాంక్రీటు పునాది వేస్తే అది 4.7 టన్నులు తూగి, పడగొట్టే బలానికి సుమారు 1.8 రెట్లు ఎదురు నిలుస్తుంది. ఇది అంచనా మాత్రమే. నేల ఇసుకా, బంకమన్నా, నీరు ఎంత లోతులో ఉంది చూసి స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం చేయాలి. 2016 డిసెంబరులో వర్దా తుపానుకు నగరంలో చెట్లు ఎలా కూలాయో చూసిన అధికారి ఆ సంతకం లేని ఫైలును పక్కన పెడతాడు, అది న్యాయమే. తోపు తగ్గించాలంటే రేకులో ఖాళీలు వదలండి. పిల్లలు ఎక్కే ఎత్తులో మాత్రం 9 నుంచి 23 సెం.మీ. మధ్య ఖాళీలు వద్దు, తల ఇరుక్కుంటుంది.

బిగించే రోజు

బిగింపులో ఎక్కువగా జరిగే పొరపాటు చిన్నది: పునాదిలో నాటిన బోల్టులకూ శిల్పం అడుగు పలకకున్న రంధ్రాలకూ పొంతన కుదరదు. క్రేన్ గంటల అద్దె నడుస్తుంటే అక్కడికక్కడే రంధ్రాన్ని గ్యాస్ కట్టరుతో పెద్దది చేస్తారు, బిగింపు బలం పోతుంది. అడుగు పలకతో పాటే ఒక ప్లైవుడ్ మూస కోసి, కాంక్రీటు పోసేటప్పుడు బోల్టుల్ని ఆ మూసలోనే నిలబెడితే ఈ బాధ ఉండదు. పలక కింద 25 నుంచి 40 మి.మీ. ఖాళీ ఉంచి, నట్లతో మట్టం సరిచేసి, కుంచించుకోని గ్రౌటు (ఖాళీ నింపే సిమెంటు ముద్ద) పోయాలి. పునాది సెప్టెంబరులోపు పోసేయండి. కాంక్రీటుకు పూర్తి బలం రావడానికి 28 రోజులు కావాలి, ఆ తర్వాత వానలు.

మీటరు చదరం, రెండు మీటర్ల పొడవున్న గ్రానైట్ దిమ్మ 5.4 టన్నులు. 12 టన్నుల హైడ్రా క్రేన్ చాలు కదా అనుకోకండి. ఆ 12 టన్నులు చేయి పూర్తిగా దగ్గర పెట్టుకున్నప్పటి మాట, చేయి చాచేకొద్దీ ఎత్తే శక్తి దారుణంగా తగ్గిపోతుంది. క్రేన్ నిలబడే చోటి నుంచి పీఠం దాకా దూరం కొలిచి, ఆ దూరానికి ఎంత ఎత్తగలదో లోడ్ చార్టులో చూపించమనండి. పైన కరెంటు తీగలు, కింద డ్రైనేజీ మూతలు ముందురోజే చూసుకోవాలి. హుస్సేన్ సాగర్ బుద్ధుడు 1990లో తెప్ప మీద తరలిస్తుండగా నీళ్లలో మునిగాడు, ప్రాణాలు పోయాయి. విగ్రహం పైకి రావడానికి 1992 దాకా పట్టింది. చెక్కడంలో లోపం లేదు, తరలింపులోనే అంతా జరిగింది. బడ్జెట్లో రవాణా, బిగింపులకు కనీసం 10 నుంచి 15 శాతం, ఊహించని ఖర్చులకు మరో 10 శాతం విడిగా చూపండి.

కాగితం మీద హక్కులు

చెల్లింపు విడతలుగా రావాలి: సంతకం రోజు 30 శాతం, నమూనా ఆమోదించాక 20, తయారీ పూర్తయ్యాక షెడ్డులోనే చూపించి 30, బిగించాక 15, ఆరు నెలలు గడిచాక మిగతా 5. తయారైన బొమ్మ షెడ్డు దాటే సమయానికి 80 శాతం చేతిలో ఉండాలి. జీఎస్‌టీ సంగతి ముందే ఆడిటరుతో తేల్చుకోండి. విగ్రహం ఇచ్చి వెళ్లిపోతే సరుకు, పునాదితో కలిపి నేలలో బిగించే ఒప్పందమైతే వర్క్స్ కాంట్రాక్టు సేవగా లెక్కకు రావచ్చు. నమోదు పరిమితి సరుకుకు 40 లక్షలు, సేవలకు 20 లక్షలు.

కాపీరైట్ చట్టం శిల్పికి అనుకున్నదాని కంటే అనుకూలంగా ఉంది. డబ్బిచ్చి చేయించుకున్న ఫొటో, చిత్రపటం హక్కు చేయించుకున్నవారిదే అని సెక్షన్ 17 చెబుతుంది. ఆ జాబితాలో శిల్పం లేదు. కాబట్టి బిల్డరు చేయించుకున్న శిల్పం మీద కాపీరైట్, రాసివ్వనంత వరకు శిల్పిదే. ప్రభుత్వ ఆదేశం కింద చేసిన పని మాత్రం ప్రభుత్వానిది అవుతుంది. వేరుగా కావాలంటే ఒప్పందంలోనే రాయించుకోవాలి. బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న శిల్పాన్ని ఎవరైనా ఫొటో తీసి ప్రచురించవచ్చు, అది ఉల్లంఘన కాదు.

కూల్చివేత సంగతి అందరూ మరిచిపోతారు. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో తొలగించి గోదాములో పడేశారు. ఢిల్లీ హైకోర్టు 2005లో సెక్షన్ 57 కింద శిల్పి నైతిక హక్కును గుర్తించి, మిగిలిన ముక్కలు ఆయనకు తిరిగి ఇవ్వాలని, 5 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని తీర్పు ఇచ్చింది. తీర్పు గొప్పదే, కానీ తొలగింపు నుంచి తీర్పు దాకా 26 ఏళ్లు పట్టింది. అంతకాలం ఎదురుచూడకుండా ఒప్పందంలోనే మూడు వాక్యాలు పెట్టుకోండి. శిల్పాన్ని కదిలించాల్సి వస్తే 90 రోజుల ముందు రాతపూర్వకంగా తెలపాలి. తీసే పని శిల్పి సమక్షంలో, యజమాని ఖర్చుతో జరగాలి. యజమానికి ఇక అక్కర్లేదంటే లోహం ధర కట్టకుండా శిల్పికే తిరిగి ఇచ్చేయాలి. ఈ మూడింటికీ ఒప్పుకోని యజమానితో ధర మాట్లాడటం ఇంకా మొదలుపెట్టకండి.